50 రూపాయల కార్డు, 2,390 రూపాయల పేరు

ఈసారి కొంచెం పెద్దగానే రాస్తున్నాం, ఓపికగా చదవండి. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం. మా తెలుగు ఇంటి తెలుగు, అవ్వలూ తాతలూ మాట్లాడగా వచ్చిన తెలుగు. అందులోనే చెప్తాం.

ఒక ప్లాస్టిక్ ముక్క మీద ఫొటో, పేరు అచ్చు వేసి చేతికివ్వటానికి ప్రభుత్వానికి ఎంత అవుతుంది? కొత్త కార్డు ఏది వచ్చినా మనవాళ్ళలో ఈ మాట లేస్తుంది. "ఇంత ముక్కకు అన్ని కోట్లా, ఎవరు తిన్నారో" అంటారు కొందరు. "కాంట్రాక్టు వాడికి ఇచ్చారు, చవగ్గా అయిపోయింది, మంచిదేగా" అంటారు ఇంకొందరు. మేము రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైరైనవాళ్ళం. టెండరు కాగితాలు కట్టలు కట్టలుగా చూశాం. అందుకని ఈ లెక్కను మా పద్ధతిలో విప్పి చెప్పాలనిపించింది.

మన కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి వైపు వాళ్ళకు అచ్చుపని గురించి వేరే చెప్పనక్కర్లేదు. శివకాశిలో క్యాలెండరు వేస్తారు. ఒకే బొమ్మ, లక్ష కాపీలు. ప్లేటు ఒకసారి చేస్తే చాలు, కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదానికి పడే ఖర్చు తగ్గుతూ పోతుంది. గుర్తింపు కార్డు అలా కాదు. లక్ష కార్డులంటే లక్ష వేరువేరు కార్డులు. ఒక్కోదాని మీద ఒక్కో ముఖం, ఒక్కో పేరు, ఒక్కో చిరునామా. ప్లాస్టిక్కు, సిరా, యంత్రం ఇవన్నీ క్యాలెండరు లాగే ఎంత ఎక్కువ వేస్తే అంత చవక. కానీ ఆ పేరు ఎవరిది, ఆ ముఖం ఎవరిది, ఆ అక్షరాలు సరిగ్గా పడ్డాయా అని చూసే పని మాత్రం ఎన్ని లక్షలు వేసినా చవక కాదు. ప్రతి మనిషి దగ్గరా మొదటినుంచీ మొదలుపెట్టాల్సిందే.

అచ్చు ఎంత చవకో తెలియాలంటే ఆధార్ చూడండి. 2020లో పి.వి.సి. ఆధార్ కార్డు తెచ్చినప్పుడు దానికి పెట్టిన రుసుము 50 రూపాయలు. జి.ఎస్.టి., స్పీడ్ పోస్టు ఖర్చు కూడా అందులోనే. ఆ రెండూ తీసేస్తే కార్డుకు మిగిలేది ఎంతో మీరే లెక్క వేసుకోండి. అంత తక్కువలో ఎలా కుదిరింది? కష్టమైన పని అంతా, అంటే పేరు రాయటం, వేలిముద్ర తీయటం, కంటిపాప ఫొటో తీయటం, అప్పటికే అయిపోయింది కాబట్టి. మిగిలింది అచ్చు వేసి కవరులో పెట్టటమే.

ప్రభుత్వాలు ఈ లెక్కతో కుస్తీ పట్టటం ఇవాళ్టిది కాదు. 1993లో టి.ఎన్. శేషన్ ఓటర్లందరికీ ఫొటో కార్డు ఇవ్వాలని ఉత్తరువు వేసినప్పుడు రాష్ట్రాలు ముందుగా అన్నమాట ఖర్చు గురించే. ఆయన పట్టు విడవలేదు, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆఖరికి కార్డులు వచ్చాయి. బడి వరండాలో తెల్ల గుడ్డ కట్టి, వరసలో నిలబెట్టి, టక్కు టక్కుమని ఫొటోలు తీసిన ఆ రోజులు మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటాయి. తన కార్డు చూసుకుని "ఇది ఎవరు?" అని అడిగిన పెద్దవాళ్ళు మన వీధుల్లోనే ఉన్నారు.

2008 నవంబరులో ముంబయి దాడి అయ్యాక, సముద్ర తీరపు ఊళ్ళవాళ్ళకు ముందుగా గుర్తింపు కార్డులు ఇచ్చారు. బి.ఇ.ఎల్., ఇ.సి.ఐ.ఎల్., ఐ.టి.ఐ. అనే మూడు ప్రభుత్వరంగ సంస్థలు కలిసి ఆ పని చేశాయి. ఆ తర్వాత దేశంలో ఉన్న పెద్దవాళ్ళందరికీ చిప్పు ఉన్న కార్డు ఇవ్వాలని ప్రతిపాదన వచ్చింది. లెక్క వేస్తే 5,000 కోట్లు దాటింది. అది అక్కడే ఆగిపోయింది. ఆధార్ వాళ్ళు మాత్రం మొదటినుంచీ "మాది కార్డు కాదు, నంబరు" అన్నారు. కాగితం మీద ఉత్తరం లాగా పంపించారు. అంటే ప్లాస్టిక్కు లేకపోయినా పని నడుస్తుందని వాళ్ళే ఒప్పుకున్నట్టు. అసలు సరుకు ఆ పేరూ, ఆ నంబరూ, ఆ వేలిముద్రా.

మరి ఆ అసలు సరుకును ఎలా కొన్నారు? ఇక్కడే మా గుమాస్తా బుర్ర పనిచేస్తుంది.

టెండరులో రెండు కవర్లు ఉంటాయి. ఒకదాంట్లో వాడికి ఆ పని చేసే తాహతు ఉందా అన్న కాగితాలు. రెండోదాంట్లో ధర. మొదటిది దాటినవాళ్ళ ధరలన్నీ ఒక పట్టీలో పక్కపక్కన రాస్తాం, దాన్నే కంపారటివ్ స్టేట్‌మెంట్ అంటారు. అందరికంటే తక్కువ ధర రాసినవాడు ఎల్-1. పని వాడిదే. ఇందులో తప్పేమీ లేదు. ప్రజల సొమ్ము, ఎక్కువ ధరకు ఎందుకిచ్చావని ఆడిట్ అడుగుతుంది, అడగాలి కూడా. కాకపోతే ఆ పట్టీలో ఏ గడి ఉంటే ఆ ఖర్చే కనపడుతుంది. గడి లేని ఖర్చు ఎవరికీ కనపడదు. పేరు తప్పు పడితే దాన్ని దిద్దించుకోవటానికి మనిషికి ఎంత అవుతుంది అన్న గడి ఏ పట్టీలో ఉంటుంది చెప్పండి?

పేరు నమోదు పనికి తలకు ఇంత అని లెక్క కట్టి ఇస్తారు. మన వైపు అగ్గిపెట్టెల పని తెలిసినవాళ్ళకు ఇది బాగా తెలుసు. ఎన్ని పెట్టెలు అంటిస్తే అన్ని పైసలు. చేతులు ఎంత త్వరగా ఆడితే కూలి అంత. అగ్గిపెట్టె మీద లేబిల్ కొంచెం వంకరగా పడితే పుల్ల మండకుండా పోదు. కానీ పేరు వంకరగా పడితే?

మన సంగతికి వద్దాం. మన పేర్లు తెలుగు పేర్లు, రాసే లిపి తమిళం, కార్డు మీద పక్కన ఇంగ్లీషు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ప, ఫ, బ, భ కూడా అంతే. తమిళం చదివేవాళ్ళకు సందర్భాన్ని బట్టి పలకటం అలవాటు. కానీ దాన్ని చూసి ఇంగ్లీషులోకి కొట్టే కుర్రాడికి, గంటకు ఇన్ని కొట్టాలన్న తొందరలో, అది బాలయ్యో పాలయ్యో తెలియదు. గోవిందమ్మ కోవిందమ్మాళ్ అవుతుంది. భూపతి పూపతి అవుతాడు. ఆపైన ఇనీషియల్ గొడవ. ఆంధ్రలో ఇంటిపేరు ముందు రాస్తారు. ఇక్కడ తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్. మన ఆడపిల్లలకు పెళ్ళికి ముందు తండ్రిది, తర్వాత మొగుడిది. కొందరు ఇంటిపేరు కూడా వదలకుండా రాశారు. ఒకే మనిషికి నాలుగు కార్డుల్లో నాలుగు పేర్లు ఉండటం మనలో వింత కాదు.

ఒక్క ఇంటి లెక్క చెప్తాం, పేరు మార్చి. బంగారమ్మ అనుకోండి. మాకు పెద్దమ్మ వరస. అగ్గిపెట్టెల కార్ఖానాలో చిన్నప్పటినుంచీ పని చేసింది. పెదనాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆయన పోయాక ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ రావాలి. పెన్షన్ ఉత్తరువులో పేరు ఒక తీరుగా ఉంది, ఆధార్‌లో "పంకారమ్మాళ్" అని పడింది, బ్యాంకు పుస్తకంలో మొగుడి ఇనీషియల్‌తో మూడో తీరుగా ఉంది. బ్యాంకువాళ్ళు కుదరదన్నారు. వాళ్ళ తప్పూ లేదు, కంప్యూటరు రెండు పేర్లూ కలవలేదంటోంది. ఆధార్ దిద్దించుకుని రమ్మన్నారు. దిద్దించుకోవటానికి పోతే వేలిముద్ర పడలేదు. యాభై ఏళ్ళు అట్టలు మడిచి జిగురు పూసిన వేళ్ళు, గీతలు ఎక్కడ మిగులుతాయి?

నాలుగుసార్లు తిరిగారు తల్లీ కూతురూ. టౌన్ బస్సు ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి ఆ ఖర్చు లేదు. కానీ బస్టాండు నుంచి సెంటరుకు ఆమె నడవలేదు, ఆటో రానూపోనూ 80 చొప్పున 320. కూతురు నాలుగు రోజుల కూలి పోగొట్టుకుంది, రోజుకు 400 లెక్కన 1,600. రెండు పేర్లూ ఒక్కరివే అని నోటరీ దగ్గర అఫిడవిట్‌కు 300. ఫొటోలు, జెరాక్సులు 120. దిద్దుబాటు రుసుము అప్పట్లో 50. అన్నీ కూడితే 2,390 రూపాయలు. ఏడు నెలలు పెన్షన్ రాలేదు. తర్వాత బాకీ మొత్తం వచ్చింది, నిజమే. కానీ ఆ ఏడు నెలలూ మందులకూ సరుకులకూ తెచ్చిన అప్పు మీద వడ్డీ ఎవరూ ఇవ్వలేదు. దాన్ని మేము ఈ లెక్కలో వేయనేలేదు.

50 రూపాయలకు ఒక కార్డు అచ్చు అయిన దేశంలో, ఆ కార్డు మీద ఒక అక్షరం దిద్దుకోవటానికి ఆమెకు దగ్గర దగ్గర 48 కార్డుల ఖర్చు అయింది. టెండరు పట్టీలో చూస్తే పని చవగ్గా అయిపోయినట్టే ఉంటుంది. మిగిలిన ఖర్చు మాయమవలేదు. పెద్దమ్మ చీర కొంగు ముడిలోకి వచ్చింది, అంతే.

ఇది మా పెద్దమ్మ ఒక్కదాని కథ అయితే ఇంత రాయం. 2022లో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ఆధార్ సంస్థ పనిని ఆడిట్ చేసి ఇదే మాట చెప్పింది. 2018-19లో జరిగిన 3.04 కోట్ల బయోమెట్రిక్ దిద్దుబాట్లలో 73 శాతానికి పైగా, ముందు తీసిన వేలిముద్రలు సరిగ్గా లేక జనం తామే వచ్చి రుసుము కట్టి చేయించుకున్నవి. మొదట సరిగ్గా తీయకపోవటానికి సంస్థ బాధ్యత తీసుకోలేదని, ఆ భారం ప్రజల మీద వేసి వాళ్ళ దగ్గరే రుసుము వసూలు చేశారని ఆడిటర్లు తప్పుపట్టారు. ఆడిట్ వాళ్ళంటే మా ఆఫీసుల్లో అందరికీ భయమూ కోపమూ. కానీ ఆ పేజీలు చదివినప్పుడు వాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

రుసుములు ఇప్పుడు ఇంకొంచెం పెరిగాయి. 2025 అక్టోబరు 1 నుంచి పేరు, చిరునామా లాంటివి దిద్దటానికి 75 రూపాయలు, బయోమెట్రిక్‌కు 125. మొదటిసారి నమోదు మాత్రం ఉచితం. అంటే ఎవరో తొందరలో తప్పు కొట్టిన పని ఉచితం, దాన్ని సరిచేసుకునే పనికి మనం కట్టాలి.

రేషన్ కార్డు సంగతీ చూశాం. 2005లో ఇచ్చిన పుస్తకం కార్డుకు ఏటేటా ఉళ్‌తాళ్ అంటించుకుంటూ 2017 దాకా లాగించారు. ఆ అంటించిన కాగితాలతో పుస్తకం ఉబ్బిపోయేది. 2017 ఏప్రిల్‌లో స్మార్ట్ కార్డు వచ్చింది. చూడటానికి బాగుంది, జేబులో పడుతుంది. సేలం జిల్లాలో ఒకావిడ కార్డు మీద సినిమా నటి ఫొటో అచ్చయి వచ్చింది. పేపర్లలో చూసి అందరూ నవ్వుకున్నారు. ఆవిడ మళ్ళీ ఆఫీసు మెట్లు ఎక్కి ఉంటుంది కదా అని ఎవరూ అనుకోలేదు.

కాంట్రాక్టు వాడినే అన్నిటికీ తిట్టటం కూడా న్యాయం కాదు. పక్క రాష్ట్రం కేరళలో డ్రైవింగ్ లైసెన్సు కార్డులు పాలక్కాడులోని ఒక ప్రభుత్వరంగ సంస్థ అచ్చు వేసేది. జనం దగ్గర కార్డుకు 200 రూపాయలు ముందే వసూలు చేశారు. కానీ అచ్చు వేసినవాళ్ళకు బాకీ కట్టలేదు. 2023లో ఒకసారి, మళ్ళీ ఆ తర్వాతా అచ్చు ఆగిపోయింది. డబ్బు కట్టినవాళ్ళు నెలల తరబడి కార్డు లేకుండా తిరిగారు. అక్కడ అచ్చు వేసేవాడి పని బాగానే ఉంది, వాడి బిల్లే ఆగింది. ఇటు తిప్పినా అటు తిప్పినా వరస చివర నిలబడేది కార్డు అక్కరున్న మనిషే.

మరి ఏం చేయాలంటారు? మాకు తెలిసిన రెండు మాటలు చెప్తాం.

రైల్వేలో ఒక కాంట్రాక్టరు ప్లాట్‌ఫారం వేస్తే, పని పూర్తయ్యాక కూడా కొంతకాలం మెయింటెనెన్స్ పీరియడ్ అని ఉంటుంది. ఆ లోపల పగులు వస్తే వాడి ఖర్చుతోనే పూడ్చాలి. అందుకోసం వాడి డిపాజిట్టు సొమ్ము మన దగ్గరే ఉంచుకుంటాం. సిమెంటు గచ్చుకు ఉన్న ఈ మర్యాద మనిషి పేరుకు ఎందుకు ఉండకూడదు? నమోదైన రెండేళ్ళలోపు పేరులో తప్పు బయటపడితే రుసుము లేకుండా, వీలైతే ఇంటి దగ్గరకే వచ్చి దిద్దాలని టెండరులో ఒక షరతు రాస్తే చాలు. కార్డుకు ధర కొన్ని రూపాయలు పెరుగుతుంది, పెరగనివ్వండి. అది అందరి మీదా పంచిన ఖర్చు. ఇప్పుడు జరుగుతున్నది ఒక్క పెద్దమ్మ మీద పడ్డ ఖర్చు.

రెండోది ప్రూఫ్. శివకాశిలో 500 పెళ్ళి పత్రికలకు ఆర్డరిచ్చినా ముందుగా ప్రూఫ్ చూపిస్తారు. పెళ్ళికూతురి పేరు చదివి సంతకం పెట్టాకే అచ్చు. ఆధార్ నమోదులో మన వైపు ఒక తెర పెట్టాలని నియమం ఉంది, రసీదూ ఇస్తారు, అది మంచి ఏర్పాటే. కానీ ఆ తెర మీద ఇంగ్లీషు చదవగల పెద్దవాళ్ళు మనలో ఎంతమంది? పక్కన ఒకరు నిలబడి "అమ్మా, ఇలా రాసి ఉంది, ఇది నీ పేరేనా" అని గట్టిగా చదివి వినిపించాలి. ఆ ఒక్క నిమిషానికి జీతం ఏ టెండరులోనూ లేదు.

ప్రభుత్వం ఈ షరతులు ఎప్పుడు రాస్తుందో మన చేతిలో లేదు. ఆ నిమిషం పని మాత్రం మన చేతిలో ఉంది. అందుకే సభ్యులకు కొన్ని విన్నపాలు.

పసిబిడ్డ పుట్టిన ఇళ్ళవాళ్ళు ముందుగా జనన ధ్రువపత్రం చూసుకోండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్ళకు బడికీ, ఆధార్‌కూ, లైసెన్సుకూ పుట్టిన తేదీకి అదే మూలం. పేరు పెట్టకుండా నమోదు చేయించి ఉంటే ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. ఇంగ్లీషులో ఏ అక్షరాలతో రాయాలో ఇంట్లో కూర్చుని ఒక్కసారి తేల్చుకోండి. బ అంటే బి, గ అంటే జి. అందులోంచే మిగతా కాగితాలన్నీ పుడతాయి.

ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని తొందరపడి దగ్గర దొరికిన సెంటరులో ఏదో ఒకటి మార్పించకండి. పెన్షన్ ఉత్తరువు, బ్యాంకు పుస్తకం, బడి టి.సి., ఓటరు కార్డు, రేషన్ కార్డు అన్నీ ఒకచోట పరిచి, మార్చటానికి అన్నిటికంటే కష్టమైనది ఏదో చూసి, దాంట్లో ఉన్న పేరుకే మిగతావి తిప్పండి. రైల్వే పెన్షనర్లకు అది మామూలుగా పెన్షన్ ఉత్తరువే. ఇంట్లో పెద్దాయన ఉండగానే భార్య పేరు అందులో ఎలా ఉందో చదవండి. ఆయన పోయాక చదివితే ఆలస్యం.

వీధి కొట్టులో మెరిసే ప్లాస్టిక్ మీద ఆధార్ వేయించుకోవద్దు. అలాంటి కార్డు అక్కర్లేదని 2018లోనే ఆధార్ సంస్థ చెప్పింది, 2022లో భద్రత లేదని మళ్ళీ హెచ్చరించింది. కాగితం మీద ఉన్నదీ చెల్లుతుంది. కార్డే కావాలంటే సంస్థ వెబ్‌సైటులోనే అడగండి.

చదువుకున్న మన పిల్లలకు ఒక మాట. అమ్మమ్మనో నానమ్మనో సెంటరుకు తీసుకెళ్ళే పని ఆటోవాడికో పక్కింటివాళ్ళకో అప్పగించకండి. ఒక పూట సెలవు పెట్టి మీరే వెళ్ళండి. తెర మీద ఉన్నది చదివి వినిపించండి. తోడు ఎవరూ లేనివాళ్ళు మా రిటైరైన గుమాస్తాల్లో ఎవరికైనా కబురు పెట్టండి. ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా సంఘం హాల్లోనే ఉంటాం. ఉన్న కాగితాలన్నీ అసలువి ఒక సంచిలో వేసుకుని రండి. పేర్లు పక్కపక్కన రాసి, ఎక్కడ ఏ అక్షరం తేడాగా ఉందో పట్టీ వేసి ఇస్తాం. ఆ పని మాకు వచ్చు, దానికి రుసుమూ లేదు.